చేప పొట్ట మీది చుక్కలు

మంగళూరు నుంచి వచ్చిన థర్మాకోల్ పెట్టెలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఐసు కింది బంగడా చేపల్ని తోడుతున్నాడు మాబు సాబ్. ఏదో మెత్తగా తగిలింది. తీసి చూశాడు. జానెడు నల్ల చేప. తలలో సగం కళ్లే, మూతి మూసినా బయటికే ఉన్న సూదుల్లాంటి పళ్లు. నలభై ఏళ్లుగా ఆదోని మార్కెట్లో చేపలు కోస్తున్నాడు, ఇలాంటిది ఒక్కటీ చూడలేదు.

"ఏం మాబన్నా, దయ్యాన్ని పట్టుకొచ్చినావా?" ఎదుటి కోళ్ల అంగడి నుంచి బజారి అరిచాడు.

"దయ్యం నీ అంగట్లోనే ఉండాది పో. ఇది మా ముస్రత్ చేప."

ముస్రత్ అతని అన్న కూతురు. కొచ్చిలో సముద్రపు చేపల మీద పరిశోధన చేస్తోంది. పోయిన రంజాన్‌కు వచ్చినప్పుడు అంది, తెలియని చేప వస్తే దాచమని, మంగళూరు పక్క సముద్రంలో ఎవరూ చూడనిదైతే 'దొరకబట్టినది మాబు సాబ్, ఆదోని' అని పుస్తకంలో వేయిస్తానని. ఆ మాట అన్నం తింటున్నా గుర్తొస్తుంది అతనికి. రేషన్ కార్డులో తప్ప అతని పేరు ఎక్కడా అచ్చు కాలేదు, అందులోనూ తప్పే.

ఫోన్ చేశాడు. సెలవులకు ఎమ్మిగనూరులోనే ఉందామె. "కోయకు చాచా! బస్సెక్కుతాండా!"

కోయలేదు. కానీ ఇంటి ఆడపిల్ల చేతిలో మురికి చేపను పెట్టడం అతని వల్ల కాదు. ఊరూపేరూ తెలియని బేరగాళ్లకైనా అద్దంలా చేసి ఇచ్చే మనిషి. పొట్ట వెంబడి రెండు వరసల్లో ఆవగింజలంత తెల్ల చుక్కలున్నాయి. పేలు పట్టాయనుకున్నాడు. కత్తి వెనకవైపుతో ఓపిగ్గా గీకి, కల్లుప్పుతో రుద్ది, కడిగాడు. పొద్దున్నుంచి ఎడమ చెయ్యి లాగుతోంది, ఐసు వల్లే అనుకున్నాడు.

ముస్రత్ పరుగున వచ్చి చేపను తిప్పింది. మళ్లీ తిప్పింది.

"పొట్ట కింద చుక్కలుండాలే, ఏవి చాచా?"

"పేలా? గీకేసినా బేటీ. ఎంత శుభ్రంగా ఉండాదో సూడు."

ఆమె మొహం చూశాక అతని నవ్వు ఆగిపోయింది.

"అవి పేలు కాదు చాచా, చీకట్లో వెలిగే దీపాలు. ఎన్నున్నాయో చూసే దీని పేరు చెప్పేది." చేపను కోత బండ మీద పెట్టి, "సముద్రం ఎప్పుడన్నా చూసినావా నువ్వు?" అంది.

"యాడ సూస్తాను? పెట్టెల్లోనే కదా వస్తాది."

చేప చెడకుండా ఉంచేందుకు మందుల షాపులో స్పిరిట్ తెస్తానని వెళ్లింది. మాబు సాబ్ వ్యర్థాల బక్కెట్‌ను ముందుకు లాక్కున్నాడు. పొలుసులు, పేగులు, నెత్తురు నీళ్లు. గుప్పెడు గుప్పెడూ తీసి వేళ్లతో విడదీస్తున్నాడు. మొదటి చుక్క గోటికి అంటుకుని దొరికింది. బేరగాళ్లు పిలిచినా తల ఎత్తలేదు.

"ఓ అన్నా, బేరం పోతాండాది!" అన్నాడు బజారి.

"పోనీయప్పా. నాలుగు దొరికినాయి."

ముస్రత్ తిరిగొచ్చేసరికి అతను గోడకు ఆనుకుని ఉన్నాడు, చెయ్యి ఇంకా బక్కెట్లోనే. పిలిచింది. భుజం పట్టి కదిపింది. బజారి కోడిని వదిలేసి ఉరికొచ్చాడు. ఎవరో ఆటో పిలిచారు. ఆటో అతను వంగి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తలపాగా తీసేశాడు.

నలుగురూ అతన్ని ఎత్తుతుంటే కాళ్లు తగిలి బండ కదిలింది. దాని మీద, సగం నీళ్లు పోసిన ప్లాస్టిక్ టీ కప్పులో పదకొండు తెల్ల చుక్కలు ఒక్కసారిగా పైకి లేచి, మళ్లీ మెల్లగా అడుక్కి దిగసాగాయి.