రెండు వైపులా అంటుకున్న ఫిల్ము

ఆ జర్మనీ ఆయన మా టూరింగ్ టాకీసు డేరాలో, నా ప్రొజెక్టరు పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, చచ్చినవాడికి తగని తొందరతో కాళ్లు ఊపుతున్నాడు. పేరు క్రెమ్నర్. నేను పుట్టకముందే పోయాడు. ఎప్పుడో తెనాలి ఫిలిం సొసైటీ వాళ్లు ఆయన తీసిన రీళ్లు రెండు తెప్పిస్తే, ఆపరేటరుగా నేనే ఆడించాను. మొదటిదాంట్లో కథా లేదు, మనిషీ లేడు, వట్టి చక్రాలూ గీతలూ దూడల్లా గంతులేస్తాయి. అది చూసిన రోజు నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం. రెండోది యుద్ధానికి ముందు వాళ్ల నాజీ సర్కారు గొప్ప చాటడానికి తీసిన తూటాల ఫ్యాక్టరీ బొమ్మ.

"ఏమయ్యా కోటిలింగం, బ్లేడుందా?" అంటాడు, అచ్చం మా తెనాలి యాసలో.

"ఉందండి. గడ్డం గీయాలా?"

"ఎకసెక్కాలు మాను. రెండూ ఒకే రీలుగా అతుక్కుపోయినయ్యి. ఆ తూటాల ముక్క కోసి పారెయ్. నా పేరు మీద చక్రాలే మిగలాల."

నాకూ కావలసింది అదే. ఇన్నేళ్లూ మనసులో ఆడించుకున్న ఆ చక్రాలు మసి అంటకుండా దక్కితే చాలు. రీలు విప్పుతుంటే డేరా గుడ్డలు ఇనుప రేకులవుతాయి, నేల టికెట్టు ఆడవాళ్లు కూర్చోడానికి పోగు చేసుకునే ఇసుక ఇనుప రజనవుతుంది, ఎక్కడ ఆపి చూసినా చక్రమే, కాస్త వంచి చూస్తే తూటా గుండ్రటి అడుగుభాగం.

"రెండూ ఒకటేగదండీ."

"గుండ్రంగా ఉంటే అందమే. నేను అందమే చూశా."

"అది ఎవరి ఒంట్లో దిగిందో?"

"తెర మీది తూటా తెర దాటి రాదయ్యా."

"మా డేరాలో తెర మీద వాన పడితే నేల టికెట్టు మొత్తానికీ జలుబు చేసిందండీ."

ఆయన బ్లేడు వైపు వేలు చూపిస్తాడు. కోసినచోట అతకాలంటే ఫిల్ము మీద బొమ్మ ఉండే పూత గీకాలి, పూత ఏ వైపో తెలియాలంటే ఫిల్మును పెదాల మధ్య పెట్టాలి, పూత వైపే అంటుకుంటుంది. మా ఆపరేటర్లందరం చేసే పనే. పెట్టాను. రెండు వైపులా అంటుకుంది. తుప్పు, పాచి కొవ్వు కలిసిన రుచి గొంతులోకి జారుతుంది.

ఇంతలో నేల టికెట్టు ఆడవాళ్లు లేచి నిలబడతారు. ప్రొజెక్టరు వెలుగు వాళ్ల ఒంటి మీది తూటా బెజ్జాల్లోంచి దూరి తెర మీద గుండ్రంగా పడుతుంది, వాళ్లు ఊగితే ఆ వెలుగులూ గంతులేస్తాయి, దూడల్లా, అవే చక్రాలు.

"చూడు, ఎంత బాగున్నయ్యో," అని చప్పట్లు కొడతాడు.

ఛీ అనబోతాను. నోటి దాకా వస్తున్నది మాత్రం "బాగున్నయ్యి" అనే మాట. పెదాలు విడివడవు, ఫిల్ము పట్టుకుని లాగుతాను, లాగుతాను—

"అన్నం చల్లారిపోతోంది, లెగండి," అంటోంది మా ఆవిడ.

వరండాలో, పడక్కుర్చీలో, మిట్టమధ్యాహ్నం. వెలిగించని బీడీ రెండు పెదాలకీ కరుచుకుపోయి ఉంది. లాగితే చర్మం లేచొచ్చింది.

"ఇవాళ సయించదులే," అన్నాను.

బీడీ ఆకు మీద చిన్న నెత్తురు చుక్క, చక్కగా గుండ్రంగా నిలిచి ఉంది. వేలితో చెరిపేశాను.