ఎవరి కుప్ప వారిదే

ఓలౌస్ తాత కొట్టిన కంకరని కొలపెట్టెలో పోయించి, బ్రూన్ మేస్త్రీ దాని మీదికెక్కి బూటుకాళ్లతో తొక్కాడు. ఎవరి కంకరనైనా ఒకసారి తొక్కడం మామూలే. ఆ రోజు మాత్రం ఆగకుండా తొక్కాడు. వారమంతా కొట్టిన రాయి పెట్టె అంచుకి బెత్తెడు కిందికి కుంగిపోయింది.

"నిండలేదు," అన్నాడు బ్రూన్.

"అలా తొక్కితే ఎందుకు నిండుతుందయ్యా? నా నెత్తినెక్కి తొక్కితే నేనూ కుంగిపోతాను," అన్నాడు తాత.

"రూలు రూలే. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

తాత సుత్తి కింద పెట్టాడు. చేతులకి చుట్టుకున్న గోనెపేలికలు విప్పుకుంటూ కంకర కొట్టే గుంటలో ఉన్నవాళ్ల మొహాలన్నీ వరసగా చూశాడు. గ్రోవిక్ పట్నంలో పని లేని మగాళ్లంతా అక్కడే ఉన్నారు. ఒక్కడు నోరు మెదిపితే ఒట్టు. హిల్డింగ్ కూడా మెదపలేదు. పైగా, చెప్పుకోడానికి సిగ్గుచేటే గానీ చెప్పక తప్పదు, అతని గుండెల్లో చల్లటి ఊరట కదిలింది. తాతది అన్నిటికన్నా చిన్న కుప్ప. దాని తర్వాత చిన్నది హిల్డింగ్‌దే. తాత పోయాడు కాబట్టి తను మిగిలాడు.

ఒకప్పుడు ఈ మనుషులు ఇలా ఉండేవాళ్లు కారు. రాతి క్వారీలు నడిచినన్నాళ్లు జట్టుగా కొట్టేవాళ్లు, జట్టుగా పంచుకునేవాళ్లు. వాళ్లు చెక్కిన రాళ్లు ఎక్కడెక్కడి పెద్ద నగరాల వీధుల్లోనో పరిచేవాళ్లు. ఆ నగరాలు కొనడం మానేశాయి, క్వారీలు మూతపడ్డాయి. అప్పుడు పట్నం కౌన్సిల్ దయతలిచి కరువు పని పెట్టింది. సముద్రస్నానాల హోటలుకి కొత్త రోడ్డు వేయాలట, దానికి కంకర కొట్టాలట. నిరుద్యోగ కమిటీ అధ్యక్షుడు లీద్మన్‌కి ఊళ్లో పెద్ద కొట్టుంది. ఆ హోటల్లో సగం వాటా కూడా ఆయనదే. కూలికి బదులు కమిటీ ఇచ్చే చీటీలు ఆయన కొట్లోనే చెల్లుతాయి. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే మరి.

లీద్మన్ తెలివైనవాడు. పని మొదలైన రోజే ఒక మాట చెప్పాడు. "జట్టూ గిట్టూ లేదు. ఎవరి కుప్ప వారిదే." ఆ ఒక్క మాట చాలింది. ఆ రోజు నుంచి ఎవడి చూపూ వాడి రాయి మీద లేదు, పక్కవాడి కుప్ప మీదే ఉంది.

హిల్డింగ్ చూపు అగాటన్ మీద ఉంది.

అగాటన్ పరాయివాడు కాదు. క్వారీ రోజుల్లో ఒకే జట్టు, ఒకే రొట్టె విరుచుకుని తిన్న స్నేహం. ఇప్పుడు వాడు కూర్చునేది గుంటకి ఉత్తరం పక్క, టార్పాలిన్ పట్టా కింద. సముద్రం మీంచి వచ్చే వానా గాలీ వాడికి తగలవు. అటు పక్కంతా ఎర్రరాయి. హిల్డింగ్ కూర్చునే సముద్రం వైపంతా బూడిదరాయి. ఎర్రరాయి తేలిగ్గా పగులుతుందని బూడిదరాయి కొట్టేవాళ్లందరికీ నమ్మకం. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, బూడిదరాయే మెత్తనని ఎర్రరాయి వాళ్ల నమ్మకం. హిల్డింగ్ సుత్తి వేసినప్పుడల్లా అటువైపు నుంచి ఎన్ని దెబ్బలకి రాయి పగిలిందో చెవులు రిక్కించి వినేవాడు. విన్నకొద్దీ కడుపు రగిలేది.

ఇంటికెళ్తే అక్కడా అదే. "అగాటన్ అన్నయ్య ఆదివారం లీద్మన్‌గారి ప్రార్థన మందిరానికి వెళ్తున్నాడట. ముందు వరసలో కూర్చుని కీర్తనలు కూడా పాడుతున్నాడట," అంది భార్య టెక్లా, ఉడికిన బంగాళాదుంపలు పళ్లెంలో పెడుతూ. పక్కన చేప లేదు, ఉప్పునీళ్లే ఉన్నాయి.

"అందుకే ఆ పట్టా. అందుకే ఆ ఎర్రరాయి."

"నువ్వు కూడా వెళ్లొచ్చుగా?"

"నేను పాడితే దేవుడు పారిపోతాడు."

టెక్లా నవ్వలేదు. "అన్నయ్య ఇంట్లో పిల్లలు మటుకు చేప తింటున్నారు," అంది.

ఆ మాట హిల్డింగ్‌ని రాత్రంతా కుళ్లబొడిచింది.

ఆ వారం చివర లీద్మన్ స్వయంగా గుంట దగ్గరికొచ్చాడు. గొడుగు పట్టుకుని గట్టు మీదే నిలబడ్డాడు, బూట్లకి బురద అంటకుండా.

"హోల్మా రేవులో సరుకు మోసేవాళ్లు సమ్మె చేస్తున్నారు, తెలుసుగా? అక్కడ మనుషులు కావాలి. పైనుంచి ఆర్డరొచ్చింది, కరువు పనిలో ఉన్నవాళ్లని పంపమని. కొలతలో ఎవరి కుప్పలు చిన్నవో వాళ్లు సోమవారం లారీ ఎక్కుతారు. ఎక్కం అంటారా, సంతోషం. ఇక్కడా పని లేదు, చీటీ కూడా లేదు."

ఆయన వెళ్లాక గుంటలో సుత్తి చప్పుడు ఆగిపోయింది. హోల్మా రేవు వాళ్లు ఎవరో కాదు. అప్పట్లో క్వారీలో సమ్మె జరిగినప్పుడు గ్రోవిక్ పిల్లలకి పడవల్లో ఎండుచేపలు పంపినవాళ్లు. వాళ్ల నోటికాడ కూడు లాక్కోడానికి లారీ ఎక్కాలి. ఎక్కకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

అగాటన్ లేచి నిలబడ్డాడు. రాతిధూళి పట్టిన ఛాతీ వాడిది, దగ్గు ఆగాక గానీ మాట రాలేదు. "అన్నలారా, ఎవరమూ వెళ్లొద్దు. ఒక్కడు కూడా. అందరం ఒక్కమాట మీదుంటే ఎవర్ని తీసేస్తారు?"

కొందరు తలలూపారు. ఆ మాట అక్కడే నిలబడి ఉంటే కథ ఇంకోలా ఉండేది. హిల్డింగ్ దాన్ని నిలబడనివ్వలేదు.

"అబ్బో, పట్టా కింద కూర్చున్నవాడికి నీతులు బాగానే వస్తాయి!" అన్నాడు గట్టిగా. "నీ కుప్ప కొండంత ఉంది. లారీ ఎక్కేది నువ్వు కాదుగా! వెళ్లొద్దని చెప్పడానికి నీదేం పోయింది?"

"ఒరేయ్, నేనేం చెప్తున్నానో విను ముందు..."

"వినడానికేముంది? ఆదివారం కీర్తన, సోమవారం విప్లవం. ఏ ఎండకా గొడుగు!"

ఎవరో పకపకా నవ్వారు. ఇంకెవరో "నిజమేగా," అన్నారు. "ముందు నీ పట్టా మాకియ్యి, తర్వాత వింటాం," అని మరొకడు కేకేశాడు. అగాటన్ మొహం ఎర్రబడింది. "మీ చావు మీరు చావండి!" అని కూలబడి సుత్తి తీశాడు. రెండు నిమిషాల్లో గుంటంతా మళ్లీ దడదడలాడింది. ఇందాకటి కన్నా జోరుగా, కసిగా. పక్కవాడి కన్నా ఒక తట్ట ఎక్కువ, అంతే అందరి ఆలోచన. ఆ చప్పుడు పట్నంలో తన కొట్టు దాకా వినిపించి ఉంటే లీద్మన్ ఎంత మురిసిపోయేవాడో!

కొలత రోజు పొద్దున్నే పొగమంచు కమ్మేసింది. హిల్డింగ్ అందరికన్నా ముందొచ్చాడు. తన కుప్ప చూసుకున్నాడు, చాలదు. మంచులోనే తడుముకుంటూ ఉత్తరం పక్కకి నడిచాడు. అగాటన్ కుప్ప లోంచి తట్ట నిండా ఎత్తాడు, తెచ్చి తన కుప్ప మీద పోశాడు. మళ్లీ వెళ్లాడు. దొంగతనం చేస్తున్నట్టు అనిపించలేదు. తనకి రావాల్సినది తెచ్చుకుంటున్నట్టే అనిపించింది. అసూయ అంతే, మనిషి చేత ఏ పని చేయించినా న్యాయమనే చెప్పి చేయిస్తుంది.

రాతిపనివాడు చేతిని నమ్ముతాడు. ముక్క పట్టుకుంటే చాలు, సైజు సరిపోయిందా, అంచు బాగా విరిగిందా చెప్పేస్తాడు. హిల్డింగ్ కూడా చేత్తో చూసుకున్నాడు, అన్నీ సరిపోయాయి. చేతికి రంగు తెలియదన్న సంగతి ఒక్కటే మర్చిపోయాడు.

జనం వచ్చారు. మంచు విడిపోయింది. ఎండ పడేసరికి హిల్డింగ్ బూడిద కుప్ప నెత్తి మీద ఎర్రరాయి నిగనిగలాడింది.

మొదట చూసింది అగాటన్. ఒక్క ఉరుకున వచ్చి హిల్డింగ్ చొక్కా పట్టుకున్నాడు. "దొంగ నాయాలా! నా రాయి!" మొహం మీద ఒక్కటిచ్చాడు. హిల్డింగ్ వెనక్కి పడి కంకర మీద చేతులు గీరుకున్నాడు. లేచి తనూ కొట్టాడు. ఇద్దరూ పొర్లుతుంటే మిగతావాళ్లు చుట్టూ మూగారు, విడదీసినవాడు లేడు.

"నీకు పట్టా ఉంది! ఎర్రరాయి ఉంది! చేప కూడా ఉంది!" అని అరిచాడు హిల్డింగ్, పెదవి మీంచి రక్తం కారుతుంటే.

అగాటన్ చెయ్యి గాల్లోనే ఆగింది. "చేపా? ఏ చేప? మా ఇంట్లో చేప మొహం చూసి ఎన్నాళ్లయిందో తెలుసా?" దగ్గు తెర వచ్చి పక్కకి కూలబడ్డాడు. "అవునురా, ఆ పట్టా కోసమే పాడాను. గొంతు చించుకుని పాడాను. ఈ ఛాతీ పెట్టుకుని వానలో కూర్చుంటే చలికాలం దాటను. నువ్వయితే పాడవా? ఎర్రరాయంట! నీ బూడిదరాయి రెండు దెబ్బలకి పగులుతుంటే ఇక్కడ కూర్చుని నేనెంత ఏడ్చానో నీకేం తెలుసు!"

"నా రాయి రెండు దెబ్బలకి పగులుతుందా?" హిల్డింగ్ లేచి కూర్చున్నాడు. "ఒరేయ్, ఏడు దెబ్బలకి కూడా పగలదురా అది!"

అవతల ఎర్రరాయి వైపు వాడొకడు గొణిగాడు. "నేనూ అదే అనుకున్నాను." బూడిదరాయి వైపు నుంచి ఇంకొకడు, "మేమూనూ." ఎవరూ ఎవరి కళ్లల్లోకీ చూడలేకపోయారు. ఓలౌస్ తాతని పంపించేసినప్పుడు ఏ గుండెలో ఏ ఊరట కదిలిందో అందరికీ తెలిసిపోయింది. తిలా పాపం తలా పిడికెడు.

గట్టు మీద బ్రూన్ మేస్త్రీ కనిపించాడు, కొలపెట్టె మోయించుకుంటూ వస్తున్నాడు.

"ఎర్రరాయి చూశాడంటే నీ పని అయిపోయినట్టే," అన్నాడు అగాటన్ మెల్లగా. హిల్డింగ్ పెదవి మీది రక్తం తుడుచుకున్నాడు. అగాటన్ బూతులు తిట్టుకుంటూ లేచాడు, పార తీసుకున్నాడు. హిల్డింగ్ కుప్ప లోంచి బూడిదరాయి ఎత్తి తన ఎర్రకుప్పలో విసిరాడు.

"ఏం చేస్తున్నావురా?"

"నోర్మూసుకుని ఎత్తు. నీ మీద ప్రేమతో కాదు. సోమవారం లారీ ఎవరూ ఎక్కకూడదు, అందుకు."

హిల్డింగ్ ఎత్తాడు. గొణిగినవాడు ఎత్తాడు. తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పారలు, తట్టలు, ఉత్త చేతులు. బ్రూన్ అరుస్తూ కిందికి దిగేసరికి గుంట నడిమధ్య ఒకటే కుప్ప, ఎరుపూ బూడిదా కలగాపులగంగా.

"ఎవడిదిరా ఈ కుప్ప?"

"మాది," అన్నారు.

"ఏది ఎవడిదో ఎలా కొలవను?"

"తొక్కి చూడు," అన్నాడు ఎవరో. గుంటంతా గొల్లుమంది.

మధ్యాహ్నానికి లీద్మన్ పోలీసుని వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పటికి ఆడవాళ్లూ వచ్చేశారు, వాళ్లతో ఓలౌస్ తాత కూడా. లీద్మన్ గొంతు పెంచలేదు. హిల్డింగ్‌ని ఒక్కడినీ పట్టా కిందికి పిలిచాడు.

"చూడు హిల్డింగ్, నువ్వు మంచివాడివి. నీ కుప్పలో పొద్దున్న ఎర్రరాయి కనపడిందని కొందరు అంటున్నారు. దాని సంగతి నేను మర్చిపోతాను. ఈ కుప్పలు కలపడం మొదలుపెట్టింది అగాటన్, అవునా? ఆ ఒక్క మాట చెప్పు. సోమవారం నుంచి ఈ పట్టా నీది. మేస్త్రీకి సహాయంగా ఉండు, సుత్తి కూడా పట్టక్కర్లేదు."

హిల్డింగ్ పైకి చూశాడు. గాలికి టార్పాలిన్ టపటపలాడుతోంది. కింద నేల పొడిగా ఉంది. ఎన్ని నెలలుగానో కళ్లల్లో పెట్టుకుని చూసిన జాగా ఇదే. అవతల అగాటన్ అతనికేసే చూస్తున్నాడు, నమ్మకంతో కాదు, అనుమానంగా. టెక్లా కూడా చూస్తోంది. ఒక్క మాట చాలు. పిల్లలకి చేప, తనకి పొడినేల. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చిందనే చెప్పాలి, అబద్ధమెందుకు.

"అయ్యా," అన్నాడు. "నాకు ఈ జాగా మీద మహా ఏడుపుండేది. మీకెలా తెలిసింది?"

లీద్మన్ చిరునవ్వు నవ్వాడు. "మాకు అన్నీ తెలుస్తాయి."

"మరే. మాకే తెలియలేదు." హిల్డింగ్ బయటికొచ్చి, అందరికీ వినపడేలా అరిచాడు. "కలపడం మొదలుపెట్టింది నేనే! పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి రెండు తట్టలు కలిపాను! ఎవరూ హోల్మా రేవుకి పోవడం లేదు. ఓలౌస్ తాతని పనిలోకి తీసుకోవాలి. ఆ పెట్టె మీద బూటు పడకూడదు!"

కుప్ప చుట్టూ కేక లేచింది. పోలీసు హిల్డింగ్ జబ్బ పట్టుకున్నాడు. టెక్లా అడ్డం రాబోయింది, ఆడవాళ్లంతా రాబోయారు. "సోమవారం లారీ దగ్గర నిలబడండి, నా దగ్గర కాదు!" అన్నాడు హిల్డింగ్.

కౌన్సిల్ భవనం నేలమాళిగలో కట్టెలు దాచే గది పక్కన పెట్టారు అతన్ని. కిటికీ వీధి మట్టానికి ఉంది, అందులోంచి మనుషుల కాళ్లే కనపడతాయి. సోమవారం పొద్దున జోరున వాన. భవనం ముందే లారీ వచ్చి ఆగిన చప్పుడైంది. బ్రూన్ పేర్లు పిలుస్తున్నాడు. ఒక్క పేరుకీ జవాబు లేదు.

కాళ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. మాసికలేసిన బూట్లు, ఆడవాళ్ల చెక్కచెప్పులు, కర్ర ఊతంతో ఓలౌస్ తాత కాళ్లు. తర్వాత హిల్డింగ్ ఎరగని బూట్లు, తారు మరకలున్నవి. హోల్మా రేవు వాళ్లు! వానలో అంత దూరం నడిచి వచ్చారు! వీధి నిండిపోయింది. ఎక్కడో మధ్యలో అగాటన్ దగ్గాడు, దగ్గు ఆగాక మాట్లాడటం మొదలుపెట్టాడు. జనం హోరెత్తారు. ఖాళీ లారీ చక్రాలు కదిలి, బురద చిమ్ముకుంటూ వెళ్లిపోయాయి.

హిల్డింగ్ కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడాడు. కడుపు మళ్లీ భగ్గున మండింది. వాళ్లంతా అక్కడున్నారు, ఒకరి భుజం ఒకరికి తగులుతూ తడుస్తున్నారు. తను ఒక్కడే ఇక్కడ! పుట్టి బుద్ధెరిగాక ఎవర్ని చూసీ ఇంత కుళ్లుకోలేదు.

"ఒరేయ్ అగాటన్!" అని గొంతు చించుకుని అరిచాడు. "గట్టిగా మాట్లాడరా! ఇక్కడికి వినపడటం లేదు!"

వీధిలోని కాళ్లన్నీ ఒక్కసారిగా కిటికీ వైపు తిరిగాయి.