కళ్ళజోడు ఎక్కడిది

ఆవిడ పన్నెండేళ్ళుగా మగపిల్లాడు. అంటే, టీవీలో. సీరియళ్ళలో చాలామంది బుడతలకు ఆడవాళ్ళే గొంతు ఇస్తారు. ఆవిడది ఆ పని. తెర మీద పిల్లాడు పెదాలు కదుపుతాడు, గాజు గదిలో మైకు ముందు నిలబడి ఈవిడ అలుగుతుంది, ఏడుస్తుంది, "అమ్మా, ఆకలి" అంటుంది. ఇంటికొచ్చాక అదే మాట సొంత కొడుకు అంటే "ఫ్రిజ్‌లో ఉంది, తీసుకో" అంటుంది.

ఆ గొంతును ఆవిడ గాల్లోంచి పుట్టించలేదు. కొడుకు దగ్గర కాజేసింది. వాడు ఎలా గునిస్తే తెర మీద పిల్లాడూ అలాగే గునిసేవాడు. వాడికిప్పుడు పదిహేను. గునవడం మానేసి తలుపేసుకోవడం మొదలుపెట్టాడు. కాజేయడానికి ఏమీ మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే సీరియల్‌కు సామాజిక స్పృహ కలిగింది. ఎనిమిదేళ్ళుగా అత్తల కుట్రలతో అలిసిపోయిన కథలో మనవడు ఫోన్ పట్టుకుని చెడిపోతున్నాడట. క్లాసులో ఆడపిల్లలకు మార్కులు వేసే గ్రూపులో చేరాడట. రాసినాయనకు అరవై దగ్గర పడ్డాయి. ఆయన ఆ పిల్లాడి చేత "ఆడదానివి, నీ హద్దుల్లో నువ్వుండు!" అని గర్జింపజేశాడు.

ఆవిడ వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆ గర్జనను సాధన చేస్తుంటే, మంచినీళ్ళ కోసం వచ్చిన కొడుకు నవ్వాడు.

"అలా ఎవరూ అనరమ్మా. అది తాతలు అనే మాట."

మరెలా అంటారని అడిగింది. వాడు సీసా మూత తిప్పుతూ చెప్పాడు. అరవకూడదట. పక్కవాడితో కబుర్లాడినట్టు, సగం నవ్వుతూ అనాలట. ఆ పిల్ల కోప్పడితే "జోకే కదా, అంత ఫీలవుతావేంటి" అనాలట. ఉదాహరణకు, అంటూ ఒకటి వదిలాడు.

"కళ్ళజోడుతో పదికి రెండు. తీసేస్తే మూడు. స్టేజీ ఎక్కి మైకు పట్టుకుంటే సున్నా."

ఆవిడ దాన్ని చిక్కుడుకాయల కాగితం సంచి మీద రాసుకుంది. రెండు నెలలుగా ముక్తసరిగా ఉన్న కొడుకు తనతో నాలుగు ముక్కలు వరసగా మాట్లాడాడన్న సంబరంలో, వాడేం మాట్లాడాడో చెవికెక్కలేదు. చెవిని నమ్ముకుని బతికే మనిషి చేయకూడని పొరపాటు అది.

మర్నాడు పొద్దున స్టూడియోలో వచ్చింది వీపు షాట్. పిల్లాడు కెమెరాకు వీపు పెట్టి టైప్ చేస్తుంటాడు, మనసులో మాట మనకు వినిపిస్తుంది. పెదాలు కనిపించవు కనుక ఏ మాట పెట్టినా అతుకుతుంది. ఆవిడ ఐదుసార్లు గర్జించింది. డబ్బింగ్ చూసుకునే పెద్దాయన ఐదుసార్లూ పెదవి విరిచాడు. అప్పుడు ఆయన్నడిగి, కాగితం సంచి విప్పి, కొడుకు చెప్పినట్టే సగం నవ్వుతూ చదివింది.



"ఒళ్ళు జలదరించింది తల్లీ. ఇదే ఉంచుదాం" అన్నాడు పెద్దాయన. తర్వాత స్క్రిప్టు తిరగేశాడు. "కానీ కళ్ళజోడు ఎక్కడిది? మన అమ్మాయికి లేదుగా. స్టేజీ కూడా లేదే."

నిజమే. సీరియల్లో అమ్మాయికి కళ్ళజోడు లేదు. ఉన్నది ఆవిడ ఇంటికి రెండంతస్తుల కింద ఉండే అమ్మాయికి. కొడుకు క్లాసే. స్కూల్ వార్షికోత్సవంలో మైకు పట్టుకుని మాట్లాడింది. అంతవరకూ రోజూ వీడితో కలిసి బస్సెక్కేది. రెండు నెలలుగా వాళ్ళ నాన్న స్కూటర్ మీద వెళ్తోంది. ఎందుకమ్మా అని అడిగితే "ఊరికే ఆంటీ" అంది. ఆ "ఊరికే"ని కూడా ఈ చెవే విని ఊరుకుంది.

ఫర్వాలేదు, రేపటి షూటింగులో ఆ పిల్లకో కళ్ళజోడు తగిలిద్దాం అంటున్నాడు పెద్దాయన.

"వద్దు సార్. ఆ మాట తీసేయండి. అది దొంగసరుకు."

"ఎవరిది?"

"మా ఇంట్లోదే."

ఆయన ఇంట్లోనూ పదో తరగతి మనవడున్నాడు. ఆ ముక్క చెరిపేసి, ఉత్త "పదికి రెండు, జోకే కదా" అని మళ్ళీ చెప్పించాడు.

సాయంత్రం కొడుకు తింటుంటే ఆవిడ ఎదురుగా కూర్చుంది. తిట్టలేదు. ఆ మూడు ముక్కలూ వాడి గొంతుతోనే, ఈ మధ్య బొంగురుపోయిన ఆ కొత్త గొంతుతోనే, సగం నవ్వుతూ అప్పజెప్పింది. వాడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"జోకే కదమ్మా."

"మరి నవ్వవేం?"

మిగతాది ముక్కముక్కలుగా వచ్చింది. గ్రూపులో పదకొండుమంది. తను రాసింది ఇదొక్కటే అన్నాడు, తర్వాత మూడన్నాడు. అన్నిటికన్నా ఎక్కువ లైకులు దీనికే వచ్చాయట. ఆ సంగతి చెప్పేటప్పుడు వాడి గొంతులో ఇంకా కాస్త గర్వం ఉంది. ఆవిడకు నిజంగా భయం వేసింది అప్పుడే.

సీరియల్లో అయితే పిల్లాడు రెండు ప్రకటనల మధ్య బాగుపడతాడు. ఇక్కడ రెండంతస్తుల మెట్లు దిగాలి. వాడు ఆ మాత్రం దూరానికి బూట్లేసుకుని, లేసులు రెండుసార్లు కట్టాడు. ఆవిడ గోడకానుకుని చూసి, వాడి వెనకే దిగింది.

తలుపు ఆ అమ్మాయే తీసింది. వాడు కాళ్ళు తుడుచుకునే పట్టాను చూస్తూ, సగం మింగేస్తూ చెప్పాడు. "అది రాసింది నేనే. సారీ."

ఆ అమ్మాయి కళ్ళజోడు పైకి తోసుకుంది.

"పేరు లేకుండానే నా దాకా వచ్చింది. అయినా నువ్వేనని తెలుసు. స్టేజీ అంటే భయమని నీకొక్కడికేగా చెప్పాను." తలుపు గడియ మీద చెయ్యి వేసింది. "చదివింది పదకొండుమంది. చెప్పేదేదో అక్కడ చెప్పు."

తలుపు మెల్లగానే వేసింది.

వాడు మెట్ల మీద కూర్చుని టైప్ చేశాడు. ఆవిడ తొంగిచూడలేదు. ఫోన్ గబగబా నాలుగైదుసార్లు మోగి ఊరుకుంది.

"గ్రూపులోంచి తీసేశారు" అన్నాడు వాడు. "ముందు నాకూ మార్కులేసి, తర్వాత తీసేశారు."



మరుసటి వారం క్షమాపణ సీను వచ్చింది. తెర మీద పిల్లాడు తల వంచుకుని నిలబడ్డాడు, స్క్రిప్టులో పేజీన్నర ఏడుపుంది. ఆవిడ నేల చూస్తూ, సగం మింగేస్తూ, రెండు ముక్కలు చెప్పి ఊరుకుంది.

"ఏడుపేదమ్మా?" అన్నాడు పెద్దాయన. "వాడు మారాడని జనానికి ఎలా తెలుస్తుంది?"

"అప్పుడే తెలియదు సార్" అంది ఆవిడ. "ఆ అమ్మాయి ఇంకా స్కూటర్ మీదే వెళ్తోంది."