దోసెడు గూళ్లు

ఆటో పెనుకొండ దగ్గర పడేసరికి శ్రీదేవి కేకలు ఆగిపోయాయి. నొప్పులు పడుతున్న కూతురు అరుస్తున్నప్పటి కన్నా ఇప్పుడే సంజీవప్పకు ఎక్కువ భయమేసింది. అయినా మొండితనం వదల్లేదు.

"ఈడ ఆపొద్దప్పా. నేరుగా హిందూపురానికి పోనీ," అన్నాడు డ్రైవరుతో.

"నీ పంతం మండిపోను! బిడ్డ సచ్చిపోతాండాది ఈడ!" కూతురి తల ఒళ్లో పెట్టుకున్న చౌడక్క అరిచింది. డ్రైవరు సంజీవప్ప మాట పక్కనపెట్టి అతని పెళ్లాం మాటే విన్నాడు. బండిని ట్రస్టు ఆసుపత్రి వాకిట్లోకి తిప్పేశాడు.

సంజీవప్ప ఆ వాకిలి తొక్కనని నలుగురిలో ఒట్టు పెట్టుకున్న మనిషి. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో ఈ ఆసుపత్రి పేరున ఒక గంప ఉంటుంది. గూళ్లు అమ్మవచ్చిన రైతులు తలా ఒక దోసెడు అందులో వేస్తారు. పోయిన ఏడు ఆ గూళ్ల సొమ్ముతో నర్సుల శిక్షణకని రబ్బరు పాపను కొన్నారని తెలిసి సంజీవప్ప మార్కెట్టంతా అదిరేలా గలాటా చేశాడు. "మందులకని ఇస్తే బొమ్మలు కొంటారా? నర్సమ్మలు ఆడుకునేదానికా మా గూళ్లు?" అని అప్పుడే వేసిన దోసెడు తిరిగి తీసేసుకుని, ఇక ఒక్క గూడు కూడా వేయనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఇప్పుడు కాన్పుగది తలుపు సందులోంచి చూస్తున్నాడు. మనవడు పుట్టాడు. ఏడవలేదు. నీలంగా, తడిగుడ్డలా వాలిపోయి ఉన్నాడు.

"చెవికాడ పళ్లెం మోగిస్తే ఏడుస్తాడు, ఇయ్యమ్మా ఇట్ల!" అంటూ చౌడక్క బిడ్డ మీదికి చేయి చాపింది. నర్సు చాముండేశ్వరి ఆ చేతిని మోచేత్తో అడ్డుకుంది. బిడ్డను తుడిచి వీపు రుద్దింది. చలనం లేదు. ముక్కూ నోరూ మూసేలా చిన్న మాస్కు పెట్టి, దానికున్న గాలితిత్తి నొక్కింది. రొమ్ము లేవలేదు. తల కొంచెం సవరించి మాస్కు మళ్లీ అదిమింది.

"ఊపిరి తీసుకో సంజీవప్పా," అని గొణిగింది. "తీసుకో నాయనా, సంజీవప్పా."

తననేనా? తాను ఊపిరి బిగబట్టిన సంగతి సంజీవప్పకు అప్పుడే తెలిసింది. చెప్పినట్టే గట్టిగా పీల్చాడు. లోపల చిట్టి రొమ్ము లేచింది, పడింది, మళ్లీ లేచింది. పిల్లవాడు తుమ్మినట్టు ఏదో చప్పుడు చేసి కెవ్వుమన్నాడు. ఆ ఏడుపుకు శ్రీదేవి కళ్లు తెరిచింది.

సంజీవప్ప గోడకు చేరబడి బావురుమన్నాడు. నర్సు బయటికి రాగానే చేతులు జోడించాడు. "నన్నెందుకు పిలిస్తివి తల్లీ?"

చాముండేశ్వరి నాలుక కరుచుకుంది. "మిమ్మల్ని కాదు పెద్దయ్యా. కోపం చేసుకోవద్దండి. మార్కెట్లో మీరు గలాటా చేసినంక ఆ బొమ్మకు మీ పేరే పెట్టుకున్నాము. ఊపిరి పోసేది దాని మీదే నేర్చుకున్నాము. దినామూ పిలిచి పిలిచి నోటికి అదే వచ్చేసింది."

బొమ్మ అక్కడే బీరువా మీద ఉంది. సంజీవప్ప దాన్ని రెండు చేతులా దించుకున్నాడు. నొక్కి నొక్కి రొమ్ము దగ్గర రబ్బరు అరిగిపోయి ఉంది. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

"పేరు మారుస్తాములే పెద్దయ్యా."

"వద్దు తల్లీ, ఉండనీ."

తర్వాతి పంట గూళ్లు మార్కెట్టుకు తెచ్చిన రోజు గంపలో ఒక దోసెడు వేశాడు. వెంటనే ఇంకో దోసెడు వేశాడు. పక్కనున్న పోతులయ్య ఊరుకుంటాడా?

"ఏమబ్బా, ఒట్టు పెట్టుకుంటివే! ఇప్పుడు రెండు దోసిళ్లా?"

"ఒకటి మనవడిది," అన్నాడు సంజీవప్ప. "ఇంకోటి ఆసుపత్రిలో ఉండాడే, ఆ సంజీవప్పది. నాకంటే వాడే మేలు."