రేగుపొద వేరు

రెండువేల మూడు ఎండాకాలంలో పొదిలి దగ్గర కొండవాలు తగలబడింది. బలుసు, కలివి, పరికి, రేగు పొదలన్నీ మూడు రోజులు రగిలి బొగ్గయ్యాయి. ఆ కొండ కిందే హనుమాయమ్మ చేలో యలమందయ్య బావి తవ్వుతున్నాడు. అంతకుముందు ఏడాది వానలు మొహం చాటేసి మిరప నిలువునా ఎండిపోయింది. నలభై అడుగులు దిగినా పొడి రాయే.

మంటలారిన పన్నెండో రోజు పొద్దున్న అతను బావి గట్టు మీద ఆగిపోయాడు. గట్టుదాకా పాకిన మంటలో కాలిన రేగు మోడు మొదట్లో లేత చిగుళ్లు! వంగి వేలితో తాకాడు. చల్లగా ఉన్నాయి.

"వీరమ్మా, ఇటు రా!" అని పెళ్లాన్ని కేకేశాడు.

వీరమ్మ రాళ్ల తట్ట దించి వచ్చి చూసింది. "చుక్క వాన పళ్లేదు గదయ్యా. ఇది యాడ తాగింది?"

ముప్ఫయ్యేళ్లుగా నీళ్లు వెతుకుతున్నవాడు మోడు చుట్టూ మట్టి గీకి చూశాడు. అంతా పొడే.

మధ్యాహ్నం హనుమాయమ్మ వచ్చింది. "చాల్లే యలమందా, ఆపేద్దాం. కింద ఏం లేదు."

"ఈ పూట చూడనీయమ్మా" అని అతను దిగాడు.

గడ్డపార పోటుకి గోడలోంచి పెద్ద పలక ఊడింది. వెనక సందులో సన్నగా, పొడుగ్గా ఏదో కనిపించింది. పామనుకుని వెనక్కి గెంతాడు. కదల్లేదు. దగ్గరికెళ్లి గోటితో గిల్లితే తెల్లటి నార, వేలికి తడి. వేరు! పైనుంచి సందు వెంటే దిగివచ్చింది. ఆ పక్క గట్టు మీద ఉన్నది ఆ ఒక్క రేగే. కాలకముందు కూడా అతని నడుము దాటని పొద. తనలాంటి ఎనిమిది మంది ఒకరి భుజాల మీద ఒకరు నిలబడితేగానీ అంత లోతు రాదు.

సంగతి విని హనుమాయమ్మ, "నన్నూ దించండి" అంది. అరవై దాటిన మనిషి, ఏనాడూ బావిలోకి దిగింది కాదు. వద్దన్నా వినకుండా రాళ్లు పైకి తోడే క్రేన్ తొట్టిలో కూర్చుంది. కిందికొచ్చి, వేరు మీద అరచెయ్యి ఆనించింది.

"ఏటా కంచెకి దీన్నే గదా నరికించేది," అంది. "మా మామగారి కాలం నుంచీ నరుకుతూనే ఉన్నాం."

"తెగిపోకుండా పక్కన తవ్వుతానమ్మా."

"తవ్వు. దానికి దెబ్బ తగలనీయకు."

నాలుగో రోజు, యాభై అడుగుల దగ్గర రాయి చెమర్చింది. సాయంత్రానికి పాదాలు మునిగేంత ఊట. మిరపకు చాలదుగానీ ఇంటికీ గేదెలకూ సరిపోతుంది. పైన వీరమ్మ, హనుమాయమ్మ ఒకర్నొకరు పట్టుకుని నవ్వుతున్నారు.

యలమందయ్య మాత్రం నీళ్లలో వంగి వేరును తడుముతున్నాడు. అది అక్కడా ఆగలేదు. ఊట పక్కనున్న నెరియలోకి దూరి, అతని చెయ్యి అందనంత కిందికి ఇంకా వెళ్తూనే ఉంది.