నాలుకగారి దవడ

టీ కార్ఖానాలో ఆయనను అందరూ చాటుగా నాలుకగారు అనేవారు. చెంచాడు టీని చప్పుడు చేస్తూ జుర్రి, నోరంతా తిప్పి, పక్కపాత్రలో ఉమ్మి, సరుకు భవితవ్యాన్ని శాసించే జిహ్వ అది. కొంతకాలంగా ఆ జిహ్వ ప్రతి వాయిలోనూ ఒకే దోషాన్ని ప్రకటిస్తోంది: చచ్చిన ఎలుకను ఉప్పునీట నానబెట్టిన రుచి. అదే టీ తాగి బాగుందనుకున్న యజమాని, పాపం, తన నోటినే శంకించాడు. నేరం ఆకు ఆరబెట్టే మనిషి నెత్తిన పడింది. సాయంత్రం నాలుకగారు ఊఁ అంటే అతని ఉద్యోగం ఊడుతుంది.

ఆ మధ్యాహ్నమే చెంప ఉబ్బి, నాలుకగారు పళ్ళ డాక్టరైన బావమరిది కుర్చీలో కూలబడ్డారు.

"ఏం బావా, బుగ్గలో నిమ్మకాయ దాచుకొచ్చావా?"

"వాగకుండా చూడవయ్యా!"

ఎక్స్‌రేలో, ఎముకలోనే అడ్డంగా శయనించిన జ్ఞానదంతం; దాని తలచుట్టూ నల్లని సంచి.

"పైకి రాలేక పన్ను లోపలే కాపురం పెట్టింది. చుట్టూ నీటితిత్తి కట్టింది. నొప్పి లేదుగా, నీకు తెలీలేదు. కొన్నాళ్ళుగా చీము పట్టి కారుతోంది," అంటూ బావమరిది వెనక చిగురును వేలితో నొక్కాడు.

వెచ్చగా, జిగటగా, పసుపుపచ్చని ధార ఒకటి పూజ్యజిహ్వపైకి వేంచేసింది. మురుగుకాల్వ మూత తీసినట్టు గది గుప్పుమంది. నర్సు ముక్కు మూసుకుంది. నాలుకగారు మాత్రం అలవాటు కొద్దీ చప్పుడు చేస్తూ జుర్రారు; కళ్ళు మూసి నోరంతా తిప్పారు; ఆపైన ఉమ్మారు.

"ఛీ ఛీ! బావా, అది టీ కాదు!"

నాలుకగారి ముఖం పాలిపోయింది. చచ్చిన ఎలుక. ఉప్పునీరు. అచ్చంగా అదే. ఇన్నాళ్ళూ వాయి వాయికీ తాను రుచి చూసింది తన దవడనే! బేసిన్‌లోకి వంగి భళ్ళున కక్కారు.

"మత్తిచ్చి పన్నూ తిత్తీ రెండూ తీసేస్తా. నోరు తెరువు."

"ఆగు. నోరు మొద్దుబారకముందే ఫోను ఇలా ఇవ్వు."

ఆరబెట్టే మనిషిని పనిలోంచి తియ్యొద్దనీ, సరుకు బంగారమనీ యజమానికి చెప్పారు.

"మరి ఆ ఎలుక రుచో?" అన్నాడు యజమాని.

గడ్డం మీద చొంగ కారుతున్నా నాలుకగారు మెడ నిక్కించారు.

"రుచి చెప్పడంలో నేను పొరబడలేదండీ. అది ఎక్కడుందో చెప్పడంలో పొరబడ్డాను. ఎలుక నా నోట్లోనే చచ్చింది."

బావమరిది సూది ఎత్తాడు.

"తెరువు, మహానుభావా. మళ్ళీ జుర్రావంటే మా అక్కతో చెప్తా."