వీపు లేని కోటు

నేను ఒక కోటును. పూర్తి కోటునని చెప్పుకోవాలనే ఉంది గానీ, వెనక్కి తిరిగితే నా బండారం బయటపడుతుంది. నాకు వీపు లేదు. ముందునుంచి చూస్తే డిప్యూటీ కలెక్టరును, వెనకనుంచి చూస్తే చినిగిన గోనెసంచిని. నా బతుకంతా ముందువైపే నడిచింది కాబట్టి ఆ సంగతి చాలామందికి తెలియదు.

కోరుట్ల బస్టాండు వెనక ఒక టైలరు దుకాణంలో, ఒక పెళ్లికొడుకు బరాత్ కోసం పుట్టాను. ముదురు నీలం గుడ్డ, మెరిసే అస్తరు, భుజాల్లో దూది. పెళ్లి వైశాఖంలో. జీపెక్కి ఇంకా వీధి మలుపు తిరగలేదు, పెళ్లికొడుకు చెమటతో తడిసి ముద్దయ్యాడు. "నన్ను ఊరేగిస్తున్నరా, ఉడకబెడుతున్నరా?" అని నన్ను విప్పి మేనమామ మీదికి విసిరాడు. ఆ మేనమామ పక్కనే ఫోటోలు తీస్తున్న విఠల్ చేతిలో నన్ను పెట్టి, "నువ్వే ఉంచుకో తమ్మీ, మళ్ల మావోని కండ్ల ముందల పెట్టకు" అన్నాడు. అలా పుట్టిన పూటే అనాథనయ్యాను.

విఠల్ ఇంటిపేరు గాజుల. ఆయన దుకాణం పేరు గాజుల స్టూడియో. శ్రావణమాసం వచ్చిందంటే ఆడవాళ్లు లోపలికొచ్చి చేతులు చాపేవారు. ఆయన విసుక్కోకుండా, "ఇక్కడ గాజులుండవమ్మా, మొఖాలే ఉంటయి" అని చెప్పి పంపేవాడు.

నేను చేరిన మర్నాడే ఆయన కత్తెర తీసి నా వీపు నిలువునా చీల్చాడు. సన్నవాళ్లకూ లావువాళ్లకూ ఒక్క కోటే సరిపోవాలి కదా! మనిషి నన్ను ముందునుంచి తొడుక్కుంటే, వెనక బట్టల క్లిప్పులతో బిగించేవాడు. ఎండాకాలం పరీక్షా ఫలితాలు రాగానే దరఖాస్తులకు ఫోటోలు కావాలని పిల్లలు వరస కట్టేవారు. నన్ను తొడుక్కోగానే వాళ్ల మెడ దానంతటదే నిటారుగా నిలిచేది. ఫోటోలో నాది రెండో గుండీ వరకే, అంటే బొటనవేలి గోరంత. అయినా సీటొచ్చిందని ఎవరైనా మిఠాయి తెస్తే, ఆ పుణ్యం నాదేనని ఉబ్బిపోయేదాన్ని. మరి రానివాళ్లో? వాళ్లు సరిగ్గా నిలబడలేదు. ఇలాంటి న్యాయం మనుషుల దగ్గరే నేర్చుకున్నాను.

నా కొలువు ఊడగొట్టింది విఠల్ భార్య రాజమణి. స్టూడియోకు కంప్యూటరు వచ్చాక ఆమె దాని ముందు కూర్చుని, అదీ ఇదీ నొక్కి చూసి, తనంతట తానే పని నేర్చుకుంది. ఒకరోజు నన్ను హేంగరుకు తగిలించి ఫోటో తీయించింది. ఆ ఫోటోలోంచి నన్ను కత్తిరించి, వచ్చినవాళ్ల మెడకింద అతికించడం మొదలుపెట్టింది. చెమట లేదు, క్లిప్పులు లేవు. నా బొమ్మే నా నోటికాడి కూడు తీసేసింది. నన్ను తలుపు వెనక మేకుకు, విరిగిన గొడుగు పక్కన తగిలించారు. గొడుగు కూడా నన్ను చూసి జాలిపడింది.

రాజమణి ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. ఆ ఎండాకాలమే పెళ్లయింది. చదువు సంగతి తర్వాత చూద్దామన్నారు. తర్వాత కొడుకు పుట్టాడు, పెరిగాడు, పటాన్‌చెరులో ఏదో కంపెనీలో కుదిరాడు. ఆ 'తర్వాత' మాత్రం ఇంకా రాలేదు. ఫోటోలతోపాటు ఆమె పిల్లలకు ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా నింపి పంపేది.

మొన్నటి వేసవిలో శ్రావ్య అని బీడీలు చుట్టేవాళ్ల అమ్మాయి వచ్చింది. మా జిల్లాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉంది. దానికి పెద్ద ప్రయోగశాలలు లేవు, పరిశోధనల ఆర్భాటం లేదు. పాఠం బాగా చెబుతారనీ, పాఠం చెప్పేవాళ్లను తయారుచేస్తారనీ మాత్రం పేరు. అక్కడ డిగ్రీ, బీఎడ్ కలిపి ఒకే కోర్సు ఉంది. శ్రావ్యకు అదేమిటో అంతుపట్టలేదు. రాజమణి ఆ వివరాలన్నీ విడమరిచి చెబుతుంటే, బయట వరసలో ఉన్న పిల్లలు కూడా లోపలికొచ్చి చుట్టూ చేరారు.

"ఇంత మంచిగ చెప్తున్నవ్ అక్కా, నువ్వే ఎందుకు పెట్టుకోవు?" అంది శ్రావ్య.

అందరూ నవ్వారు. రాజమణి కూడా నవ్వింది. పిల్లలు వెళ్లిపోయాక మాత్రం ఆ పేజీ మూయలేదు. వయసు గురించి ఏం రాశారో వెతికింది. వయసుకు పరిమితి లేదు.

విఠల్ చాయ్ తాగుతుండగా చెప్పింది. ఆయనకు పొలమారింది.

"యాభై ఏండ్లు దగ్గర పడ్డంక కాలేజా?"

"యాభై నీకు. నాకు ముప్పై తొమ్మిదే."

"పిల్లలు నవ్వుతరే."

"నవ్వనీ. నవ్వితే ఫోటో మంచిగొస్తదని నువ్వే అంటవు గదా!"

విఠల్ లేచి లైట్లు వేశాడు.

"కోటు పెట్టాల్నా?" అని అడిగాడు. నేను మేకుమీద సర్దుకున్నాను.

"ఏ కోటూ వద్దు. నేను నా లెక్కనే ఉంట."

ఆకుపచ్చ నూలుచీరలో వచ్చి కూర్చుంది. ఎవరినైనా ఒక్క క్లిక్కుతో పంపించే విఠల్ ఆ రోజు ఎన్ని తీశాడో! గడ్డం కొంచెం ఎత్తమన్నాడు, కొంగు సర్దుకోమన్నాడు, ఊరికే లైటు జరిపాడు. భార్యను అంతసేపు పరీక్షగా చూసి చాలా ఏళ్లయిందనుకుంటాను. నా బాధ మాత్రం వేరు. కోటు లేకుండా సీటా? వెర్రిది!

మొదటి జాబితా మార్కుల ప్రకారం వచ్చింది. శ్రావ్య పేరుంది, రాజమణి పేరు లేదు. ఆమె కాలంనాటి మంచి మార్కులు ఇప్పటి మార్కుల ముందు ఆనలేదు. చూశారా అన్నట్టు మేకుమీద దర్జాగా ఊగాను. అది ఫ్యాను గాలి. శ్రావ్య తెచ్చిన కోవాబిళ్ల రాజమణి తిని, ఆ పిల్ల తలమీద చెయ్యివేసి, "మంచిగ చదువుకో బిడ్డా" అంది. మళ్లీ పనిలో కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఒక మీసాల పెద్దాయన మెడకింద నర్సరీ పిల్ల యూనిఫాం అతికించింది. ఆయన ఫోటో తీసుకొని చూసి, ఏమనాలో తోచక, బాగుందని వెళ్లిపోబోయాడు. విఠల్ పరుగెత్తి వెనక్కి పిలుచుకొచ్చాడు. భార్యను పల్లెత్తు మాట అనలేదు.

వారం తిరక్కుండానే ఆమె ఫోనుకు సందేశం వచ్చింది. మిగిలిన సీట్లకు మార్కులతో పనిలేదట. అభ్యర్థి వచ్చి ఏదైనా ఒక పాఠం చెప్పి చూపించాలి.

ఇద్దరూ మధ్యాహ్నం షట్టరు సగం దించి సాధన మొదలుపెట్టారు. విఠల్ స్టూలు మీద విద్యార్థి. ఒక్కడే అయితే తరగతిలా లేదని నన్ను దింపి, కుర్చీ వీపుకు తొడిగి, రెండో విద్యార్థిని చేశారు. చదువుకు వెళ్లేవాళ్లనే గానీ నేనెన్నడూ చదువును చూడలేదు. పాఠం పేరు నీడ.

"నీడల సంగతి నాకు చెప్తవా? బతుకంతా అదే పనాయె" అన్నాడు విఠల్.

"అయితే చెప్పు. పొద్దుగాల నీడ పొడుగుంటది, పగటియాల్ల పొట్టిగైతది. ఎందుకు?"

విఠల్ "గట్లనే ఉంటది" అన్నాడు.

రాజమణి గదిలో లైటార్పి, స్టూడియో దీపం చేతపట్టి నా చుట్టూ తిరిగింది. దీపం కిందికి దించితే నా నీడ గోడ దాటి పైకప్పు ఎక్కింది. ఎత్తితే కుర్చీ కాళ్ల దగ్గరికి కుంచించుకుపోయింది. ఆ నీడలో నాకు వీపుందో లేదో తెలియలేదు. జన్మలో మొదటిసారి పూర్తి కోటులా కనిపించాను. నేను నన్ను చూసుకుని మురిసిపోతుంటే, విఠల్ ముందుకు వంగి, ఈసారి వెటకారం లేకుండా అన్నాడు: "ఆ ముచ్చట మళ్లొక్కసారి చెప్పు."

పాఠం చెప్పాల్సిన రోజు ఆ దీపాన్ని సంచిలో పెట్టుకునే ఆమె బస్సెక్కింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి విఠల్ గుమ్మంలోనే ఉన్నాడు.

"ఎట్లయింది?"

"తెల్వది. ముగ్గురు సార్లు కూసున్నరు. ఒకాయన ఆవులించిండు."

"ఆవులిస్తే ఏం జేసినవ్?"

"ఆయన్నే లేపి దీపం పట్టుకోమన్న."

విఠల్ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

తర్వాత ఎదురుచూపు. రాజమణి పైకి నిబ్బరంగానే ఉంది. "రాకుంటే మళ్లచ్చే ఏడు పెట్టుకుంట" అనేది. ఓపిక లేనిది విఠల్‌కే. ఫోటోకు వచ్చిన ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి, "తమ్మీ, జర నీ ఫోనుల ఆ లిస్టొచ్చిందేమో చూడు" అనేవాడు. చూసి రాలేదంటే ఆయన మొహం వాడిపోయేది. ఆ మొహం చూసి ఎదుటివాడి మొహమూ వాడేది. అప్పుడు క్లిక్కు. ఆ రోజుల్లో గాజుల స్టూడియోలో దిగినవాళ్లందరూ ఇంట్లో ఎవరికో బాగాలేనట్టు కనిపిస్తారు.

జాబితా వచ్చిన పూట విఠల్ ఒక లారీ డ్రైవరు ఫోటో తీస్తున్నాడు. కౌంటరు దగ్గరినుంచి రాజమణి మెల్లగా అంది: "వచ్చింది."

"ఎవరికి?"

"నాకే."

విఠల్ చెయ్యి బటను మీద పడింది. ఫోటోలో డ్రైవరు కళ్లు మూతపడ్డాయి. "ఏమొచ్చిందే అన్నా, కరెంటా?" అని అడుగుతున్నాడాయన. విఠల్ జిలేబీకి పరుగెత్తుతూ అలవాటు కొద్దీ షట్టరు దించేశాడు. రాజమణీ డ్రైవరూ లోపలే చిక్కుకున్నారు. తిరిగొచ్చేదాకా ఆమె చీరచెంగు మొహానికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. ఏడుపో నవ్వో చూసేవాళ్లకు తెలియలేదు. డ్రైవరు మర్యాదగా గోడవైపు తిరిగి, దేవుళ్ల క్యాలెండరు చదువుకున్నాడు. పాపం, ఆయనకూ జిలేబీ దక్కింది.

ఇప్పుడామె రోజూ పొద్దున శ్రావ్యతో కలిసి బస్సెక్కి కాలేజీకి వెళుతుంది. తరగతిలో మొదటిరోజు పిల్లలంతా మేడమ్ వచ్చిందనుకుని లేచి నిలబడ్డారట. తనూ చేసేది లేక కూర్చోమందట. అది చెప్పుకుని భార్యాభర్తలిద్దరూ ఎంత నవ్వుకున్నారో!

కంప్యూటరు విఠల్ పాలబడింది. ఆయన కోటు అతికిస్తే ఒకసారి నెత్తిమీద, ఒకసారి చెవికింద తేలేది. చివరికి నన్ను మేకునుంచి దింపి దులిపాడు. దుమ్ముకు ఆయనా, కలరా ఉండల వాసనకు కస్టమరూ తుమ్మారు. "కంప్యూటర్ల కోటు పెట్టరాదే?" అని కుర్రాళ్లు అడిగితే, "కంప్యూటరమ్మ కాలేజీకి పోయింది. ఇదే తొడుక్కో" అంటున్నాడు. ఆమెకు సీటొచ్చింది, నాకు కొలువొచ్చింది. ఆమె కోటు వద్దన్న రోజు నేను పెట్టిన శాపనార్థాలు దేవుడు విననందుకు రోజూ దండం పెట్టుకుంటున్నాను.

ఆదివారాలు మాత్రం గుండె దడ. ఆ రోజు రాజమణి భర్తను పక్కన కూర్చోబెట్టుకొని, మౌసు మీద ఆయన చెయ్యి, దానిమీద తన చెయ్యి పెట్టి పని నేర్పుతుంది. ఆయన మొద్దు విద్యార్థి. ఇంకొన్నాళ్లు అలాగే ఉంటే నా కడుపు చల్లగా ఉంటుంది. అయితే ఆమె విసుక్కోదు, తిట్టదు, అడిగినన్నిసార్లు కొత్తగా చెబుతుంది. మొన్న ఆదివారం ఆయన అతికించిన నా బొమ్మ సరిగ్గా మెడకిందే కుదిరింది.

పాఠం అంత బాగా చెప్పేవాళ్లను ఆ యూనివర్సిటీ ఎలా వదులుకుంటుంది? నా ఖర్మ!